విశాఖ మేరియో ఎందుకు నెమ్మదిగా పరిగెత్తేవాడు?

తొంభైల్లో టీవీ గేమ్ ఆడి పెరిగినవాళ్లు ఇవాళ ఫోన్లో మేరియో వేసుకుంటే మొదటి గుంతలోనే పడిపోతున్నారు. తుపాకీతో కాల్చుకుంటూ పోయే కాంట్రా అయితే మొదటి స్టేజీ దాటకముందే మూడు లైఫులూ హరీ. వేళ్లు మొద్దుబారాయి, వయసైపోయింది అని సరిపెట్టుకుంటున్నారు. అందులో సగమే నిజం. మిగతా సగం తప్పు అప్పట్లో టీవీకి తగిలించి ఆడిన ఆ గేమ్ పెట్టెది. ఎంవీపీ కాలనీ నుంచి గాజువాక దాకా విశాఖ ఇళ్లలో ఆడిన మేరియో, జపాన్‌లో నింటెండో తయారుచేసిన మేరియో అచ్చంగా ఒక్కటి కాదు. వేగం వేరు, గొంతు వేరు, లైఫుల లెక్క కూడా వేరు. అటక మీది పెట్టెను దింపి మళ్లీ ఆడాలనుకున్నా, కంప్యూటర్లో ఆ అనుభవం తెచ్చుకోవాలనుకున్నా ముందు ఈ తేడా తెలియాలి.

అసలు యంత్రం పేరు ఫ్యామికామ్. నింటెండో దాన్ని 1983 జులైలో జపాన్‌లో విడుదల చేసింది. మన ఇళ్లకు వచ్చినవి దానికి నకళ్లు. లిటిల్ మాస్టర్, మీడియా, ఇంకా టెర్మినేటర్ బొమ్మ వేసిన పెట్టెలు, పేరు ఏదైనా లోపలి సరుకు దాదాపు ఒకటే. తైవాన్ కంపెనీలు ఫ్యామికామ్ చిప్పులను నకలు చేసి అమ్మాయి, చైనా, తైవాన్ ఫ్యాక్టరీలు వాటి చుట్టూ ప్లాస్టిక్ డబ్బాలు పోశాయి. మనం క్యాసెట్ అన్న దానికి అడుగున ఇటు ముప్ఫై, అటు ముప్ఫై, మొత్తం 60 రాగి పళ్లు ఉంటాయి. అమెరికాలో అమ్మిన నింటెండో క్యాసెట్‌కు 72 పళ్లు కాబట్టి అది మన పెట్టెలో పట్టదు. విదేశాల నుంచి చుట్టాలు తెచ్చిన క్యాసెట్ పని చెయ్యకపోవడానికి కారణం అదే, అది పాడైపోయి కాదు.

ఇక వేగం. ఈ ఆటల్లో గడియారం అంటూ విడిగా ఏదీ ఉండదు. టీవీ తెర మీద ఒక బొమ్మ గీయడం పూర్తయిన ప్రతిసారీ ఆట ఒక్క అడుగు ముందుకు వేస్తుంది. జపాన్, అమెరికా టీవీలు సెకనుకు 60 బొమ్మలు గీస్తే, మన దేశంలో వాడిన పాల్ (PAL) ప్రసార పద్ధతి టీవీలు 50 గీసేవి. అంటే మన దగ్గర ప్రతిదీ అసలు వేగంలో 83 శాతంతోనే నడిచింది. మేరియోలో పైన కనిపించే టైమ్ అంకె 24 బొమ్మలకు ఒకటి చొప్పున తగ్గుతుంది. 400 నుంచి సున్నాకు రావడానికి జపాన్‌లో 160 సెకన్లు పడితే మన ఇంట్లో 192 సెకన్లు పట్టేది. అరనిమిషం పైనే వెసులుబాటు. మన వేళ్లు ఎప్పుడు నొక్కాలో నేర్చుకున్నది ఆ లెక్కకే. ఇప్పుడు ఫోన్లో 60 బొమ్మల మేరియో ఎదురైతే, దూకాల్సిన క్షణం దాటిపోయాక బటన్ నొక్కుతారు.

ఇక్కడ తైవాన్ ఇంజినీర్ల తెలివి చెప్పుకోవాలి. యూరప్ కోసం నింటెండో చేసిన అసలు పాల్ యంత్రంలో ప్రాసెసర్‌ను 1.66 మెగాహెర్ట్జ్‌కు తగ్గించారు. జపాన్ ఆటను తెచ్చి అందులో పెడితే కొన్ని ఆటల్లో బొమ్మ చెదిరిపోతుంది. నకలు చిప్పులు చేసినవాళ్లు ప్రాసెసర్‌ను 1.77 మెగాహెర్ట్జ్ దగ్గరే ఉంచారు. అసలు జపాన్ యంత్రానిది 1.79, తేడా ఒక్క శాతం. టీవీ ప్రతి బొమ్మనూ అడ్డ గీతలుగా గీస్తుంది. జపాన్ పద్ధతిలో ఒక బొమ్మకు 262 గీతలైతే పాల్ టీవీకి 312 కావాలి. ఆ మిగులు 50 గీతల సమయాన్ని ఆటకు తెలియకుండా ఖాళీగా గడిపేసేలా చిప్పును మలిచారు. దాంతో జపాన్ ఆట ఏదైనా మన టీవీ మీద చెదరకుండా ఆడింది, నెమ్మదిగా. పాట కూడా బొమ్మకొకసారి చొప్పునే ముందుకు సాగుతుంది కాబట్టి తాళం సాగింది. స్వరస్థాయి ఒక్క శాతమే తగ్గింది కాబట్టి అది చెవికి పట్టదు. పైగా ఈ నకలు చిప్పుల్లో చాలావాటిలో ధ్వని తరంగం వెడల్పు (గొంతు తీరును మార్చేది ఇదే) ఎంపికలు రెండు తారుమారై ఉంటాయి. 25 శాతం ఉండాల్సిన చోట 50, 50 ఉండాల్సిన చోట 25. అందుకే అసలు పాట వింటే "ఇదే, కానీ ఇది కాదు" అనిపిస్తుంది.

క్యాసెట్ మీద 9999 ఆటలని రాసి ఉండేది కదా. ఆ లెక్క కాగితం మీద వేస్తే నవ్వొస్తుంది. మేరియో మొత్తం 40 కిలోబైట్లు. బాతుల ఆట, ట్యాంకుల ఆట, మోటారు సైకిళ్ల ఎక్సైట్‌బైక్ తలా 24. గెలాక్సియన్ 16. సగటున 24 అనుకున్నా 9999 ఆటలకు 234 మెగాబైట్లు కావాలి. ఆ రోజుల్లో అది ఒక సీడీలో మూడో వంతు. అంత చిప్పు ఆ ధరకు ఎక్కడా లేదు. లోపల ఉన్నవి అయిదో, ఆరో, ఏడో ఆటలు. మిగతాదంతా మెనూ గారడీ. ఆట మొదలయ్యే ముందు మెనూ ప్రోగ్రాం మెమరీలో ఒక అంకె పెట్టి వదులుతుంది. కొద్దిగా మార్చిన ఆట ఆ అంకె చూసుకుని, నాలుగో ప్రపంచం నుంచో ఎక్కువ లైఫులతోనో మొదలవుతుంది. మెనూ మాత్రం దానికి ఇంకో పేరు తగిలిస్తుంది. చిన్న ఆటలే ఎందుకు పెట్టేవాళ్లో కూడా ఇందులోనే తెలిసిపోతుంది. కాంట్రా ఒక్కటే 128 కిలోబైట్లు. అది వస్తే మిగతా ఆటలన్నీ కట్టకట్టి బయటికి పోవాల్సిందే. అందుకే 9999 క్యాసెట్‌లో కాంట్రా దొరకదు, దానికి వేరే క్యాసెట్ కొనాలి. దొరికిన కాంట్రాలూ చాలావరకు లైఫులు పెంచి వదిలినవే. మూడు లైఫులతో ఆ ఆట పూర్తిచేశామని మనలో చాలామంది చెప్పుకునే గొప్పల్ని కొంచెం తగ్గించి వినాలి.

అసలు కాంట్రాలో 30 లైఫులు కావాలంటే టైటిల్ తెర మీద పైకి పైకి, కిందికి కిందికి, ఎడమ కుడి, ఎడమ కుడి, బి, ఎ, ఆపై స్టార్ట్. చేత పట్టుకుని ఆడే మన రిమోట్ మీద ఎ, బి బటన్లు రెండేసి చొప్పున నాలుగుండేవి. పై రెండూ టర్బో. టర్బో బటన్‌తో కొడితే ఒక్క నొక్కుకే చాలాసార్లు నొక్కినట్టు లెక్క పడి వరస తప్పుతుంది. కింది రెండింటితోనే కొట్టాలి.

ఇప్పుడు అటక మీది పెట్టె సంగతి. దింపగానే ప్లగ్గులో పెట్టకండి. ఈ పెట్టెల్ని చంపేది ఎక్కువగా అడాప్టరే. పాత అడాప్టర్ లోపల ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది, వోల్టేజిని అదుపు చేసే సర్క్యూట్ ఉండదు. మీద 9 వోల్టులని రాసి ఉన్నా, భారం లేనప్పుడు మల్టీమీటర్ పెడితే 12, 13 చూపిస్తుంది. పెట్టెలో 7805 అనే మూడు కాళ్ల రెగ్యులేటర్ దాన్ని 5 వోల్టులకు దించుతుంది. ఆ తేడా అంతా వేడిగా పోవాలి. 200 మిల్లీయాంపులు లాగుతోందనుకుంటే 9 వోల్టుల దగ్గర 0.8 వాట్లు, 13 దగ్గర 1.6 వాట్లు. పావుగంట ఆడాక ఆట బిగుసుకుపోయేదంటే, చాలాసార్లు కారణం చిన్న రేకు ముక్క మీద కూర్చుని ఉడికిపోతున్న ఆ 7805. కొత్తగా 9 వోల్టుల, 1 యాంపు ఎస్ఎంపీఎస్ (వోల్టేజిని అదుపులో ఉంచే రకం) అడాప్టర్ తీసుకుంటే ఈ బాధ తగ్గుతుంది.

కానీ అక్కడే పెద్ద గుంత ఉంది. నింటెండో పద్ధతిలో జాక్ మధ్య సూది మైనస్, బయటి రేకు ప్లస్. చాలా నకళ్లు అదే పాటించాయి, కొన్ని పాటించలేదు. ఇవాళ కొట్లో అడిగితే ఇచ్చే అడాప్టర్లలో ఎక్కువ శాతం మధ్య ప్లస్. తిరగబడి ఎక్కించారంటే 7805 పోతుంది, దాంతోపాటు చిప్పూ పోవచ్చు. పెట్టె మీద గుర్తు లేకపోతే మరలు విప్పి, మల్టీమీటర్‌ను బీప్ మీద పెట్టి, ఒక కొస 7805 మధ్య కాలుకి ఆనించండి. రెండో కొస జాక్ మధ్య సూదికి తగిలితే మోగిందా, మధ్య మైనస్. బయటి రేకుకి మోగిందా, మధ్య ప్లస్. జాక్ పక్కనే నాలుగు డయోడ్లు చతురస్రంగా ఉంటే ఎటు పెట్టినా ఫరవాలేదు, కానీ అంత ఖర్చు పెట్టినవాళ్లు తక్కువ. అడాప్టర్ పెట్టాక 7805 మూడో కాలు దగ్గర 4.75 నుంచి 5.25 వోల్టుల మధ్య రావాలి. ఇవన్నీ క్యాసెట్ పెట్టకుండానే చూడాలి.

తెర మీద అడ్డంగా మబ్బు చారలు కదులుతుంటే 7805 ముందున్న పెద్ద కెపాసిటర్ ఎండిపోయిందని అర్థం. సాధారణంగా 1000 మైక్రోఫారడ్, 16 వోల్టులది ఉంటుంది. దాని మీద రాసినంత విలువదే వెయ్యాలి. వోల్టేజి 25 అయినా పనికొస్తుంది. మైనస్ చార ఎటుందో ఫోన్లో ఫొటో తీసుకుని ఆ తర్వాతే విప్పండి.

ఉప్పుగాలి దెబ్బ గురించి మన ఊళ్లో ప్రత్యేకంగా చెప్పాలి. చినవాల్తేరు, లాసన్స్ బే కాలనీ, వన్ టౌన్ ఇళ్లలో ఉన్న పెట్టెకూ, పెందుర్తి వైపు ఇంట్లో ఉన్న పెట్టెకూ మూత తెరిస్తే తేడా తెలిసిపోతుంది. గాలిలోని ఉప్పు రాగి పళ్ల మీద పొరలా పేరుకుంటుంది. గాలిలో తేమ 75 శాతం దాటితే ఆ ఉప్పు నీటిని పీల్చుకుని తనే ద్రవమవుతుంది. విశాఖలో అంత తేమ అరుదేమీ కాదు. ఆ ఉప్పునీటి పొర రాగిని తినేసి పచ్చటి చిలుం పుట్టిస్తుంది. అసలు క్యాసెట్లకు బంగారు పూత ఉండేది, చౌక క్యాసెట్లకు అది పేరుకే, కొన్నిటికి అసలే లేదు. రేవుకు దగ్గరగా ఉన్న పేటల్లో నల్లధూళి కూడా తోడై తేమను పట్టి ఉంచుతుంది.

అందుకే ఊదేవాళ్లం. ఊదితే పనిచేసేది కూడా. పనిచేసింది ప్రధానంగా ఊపిరి వల్ల కాదు, తీసి మళ్లీ పెట్టడం వల్ల. పళ్లు ఒకదానికొకటి రాసుకుని చిలుం గీసుకుపోయి కరెంటు దారి దొరుకుతుంది. ఊపిరిలోని తేమ కాసేపు సాయం చేసినా, రాత్రంతా అదే తేమ ఉప్పుతో కలిసి పని కానిచ్చేది. ప్రతి వేసవి సెలవులకూ క్యాసెట్ మరింత మొండికెయ్యడానికి కారణం ఆ ఊదుడే.

శుభ్రం చెయ్యడానికి 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్, చెవిలో పెట్టుకునే దూది పుల్లలు, ఒక తెల్ల రబ్బరు చాలు. ముందు పళ్లను రబ్బరుతో, పళ్ల పొడవునా, ఒకే దిశలో తుడవాలి. రబ్బరు తుక్కు దులిపేసి, ఆల్కహాల్‌లో ముంచిన పుల్లతో దూదికి నలుపు, పచ్చ అంటడం ఆగేవరకు రుద్దాలి. పచ్చటి చిలుం బాగా గట్టిపడితే పుల్ల కొసకు కొంచెం వెనిగర్ అద్ది రుద్ది, వెంటనే డిస్టిల్డ్ వాటర్‌తో, ఆ తర్వాత ఆల్కహాల్‌తో కడిగెయ్యాలి. వెనిగర్ మిగిలితే అదే కొత్త చిలుం. ఉప్పుకాగితం జోలికి పోవద్దు, ఉన్న కాస్త పూతా పోతుంది. కోవిడ్ రోజుల్లో కొని మిగిలిన శానిటైజర్ వద్దు, అందులోని గ్లిజరిన్ జిడ్డుగా మిగిలిపోతుంది. థిన్నర్ ప్లాస్టిక్‌ను కరిగిస్తుంది. పెట్టెలోని గాడికి వేరే పనిముట్టు అక్కర్లేదు. శుభ్రం చేసిన క్యాసెట్ పళ్లను ఆల్కహాల్‌తో తడిపి పదిసార్లు పెట్టి తీస్తే గాడి లోపలి పళ్లూ తేటపడతాయి. మందంగా గుడ్డ చుట్టి తోస్తే మాత్రం లోపలి స్ప్రింగు పళ్లు వదులైపోతాయి, ఆపై ఏ క్యాసెట్టూ బిగుతుగా కూర్చోదు. ఇదంతా కరెంటు తీసేసి. పెట్టే ముందు పదిహేను నిమిషాలు ఆరనివ్వాలి.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు తడిసి, అలాగే అట్టపెట్టెలో ఉండిపోయిన సరుకు మీ దగ్గర ఉంటే పని ఎక్కువే. బోర్డు విప్పి డిస్టిల్డ్ వాటర్‌తో, మెత్తటి పళ్లకుంచెతో కడిగి, ఆల్కహాల్ పోసి, ఫ్యాను కింద రెండు రోజులు ఆరబెట్టాలి. ఎర్రటి ఎండలో పెడితే ప్లాస్టిక్ వంకర పోతుంది.

తెర చూసి రోగం ఎక్కడుందో చెప్పొచ్చు. క్యాసెట్ లోపల రెండు వేర్వేరు దారులుంటాయి. ఒకటి ప్రోగ్రాంది, ప్రాసెసర్‌కు వెళ్తుంది. రెండోది బొమ్మలది, చిత్రాలు గీసే చిప్పుకు వెళ్తుంది. తెర మొత్తం ఒకే రంగులో మొండిగా ఉండిపోతే ప్రోగ్రాం దారిలో పళ్లు అందడం లేదు. పాట బాగానే వస్తూ, మేరియో బదులు పిచ్చి గీతలూ ముక్కలూ కనిపిస్తుంటే బొమ్మల దారిది లోపం. అన్ని బొమ్మల మీదా నిలువు చారలు ఒకే తీరుగా పడుతుంటే ఆ దారిలో ఒక్క తీగ అందడం లేదు, సాధారణంగా ఒక పన్ను శుభ్రం చేస్తే సరిపోతుంది. అయినా తగ్గకపోతే గాడి అడుగున 60 టాంకాల్లో ఏదో పగిలి ఉంటుంది. 25 వాట్ల ఐరన్‌తో, కొంచెం ఫ్లక్స్ పూసి, ఒక్కోదాన్ని మళ్లీ కరిగిస్తే చాలు. క్యాసెట్ విప్పితే కాళ్లున్న చిప్పు బదులు నల్లటి తారు బొట్టు కనిపిస్తుంది. అది పోతే పోయినట్టే, రిపేరు లేదు.

రిమోట్‌కు అయిదే తీగలు. పెట్టె దగ్గరో, రిమోట్ మెడ దగ్గరో వంగి వంగి లోపల తెగుతాయి. తీగను అటూ ఇటూ వంచుతూ ఆడితే ఏ చోట తెగిందో దొరుకుతుంది. అక్కడికి అయిదు సెంటీమీటర్లు కోసేసి మళ్లీ అతికించాలి. రంగుల్ని నమ్మొద్దు, ఒక్కో పెట్టెకు ఒక్కో వరస. విప్పకముందే ఫొటో తీసుకోండి. సెగా అనే ఇంకో కంపెనీ గేమ్ పెట్టె రిమోట్ కూడా అదే తొమ్మిది సూదుల గాడిలో పడుతుంది గానీ తీగల వరస వేరు, పెట్టొద్దు.

టీవీకి కలపడం దగ్గర కొన్ని చిక్కులున్నాయి. పసుపు ఏవీ పిన్ను ఉంటే దాంతోనే కలపండి. కొత్త టీవీల్లో ఏవీకి ఇయర్‌ఫోన్ గాడిలాంటిది ఒక్కటే ఉంటుంది. దాని కేబుల్ నాలుగు పట్టీల వరస కంపెనీకొక తీరు. ఒకదాని కేబుల్ ఇంకోదానికి పెడితే శబ్దం గుయ్యిమంటుంది, బొమ్మ రాదు. టీవీతో వచ్చిన కేబులే వాడాలి. పెట్టెకు ఏవీ పిన్ను లేక యాంటెన్నా తీగ మాత్రమే ఉంటే, మాన్యువల్ ట్యూనింగ్‌లో వీహెచ్ఎఫ్ మొదట్లో, 55 నుంచి 70 మెగాహెర్ట్జ్ మధ్య వెతకండి, అక్కడ లేకపోతే వీహెచ్ఎఫ్ మొత్తం. బొమ్మ శుభ్రంగా వచ్చి శబ్దం రాకపోతే పెట్టె చైనా మార్కెట్‌కు చేసినదై ఉంటుంది. మన పద్ధతిలో శబ్దం బొమ్మకు 5.5 మెగాహెర్ట్జ్ దూరంలో ఉంటే, అక్కడ 6.5. టీవీ మెనూలో సౌండ్ సిస్టమ్‌ను బీజీ నుంచి డీకేకు మార్చండి. బొమ్మ నలుపు తెలుపుల్లో వస్తుంటే కలర్ సిస్టమ్‌ను జపాన్, అమెరికా పద్ధతి అయిన ఎన్‌టీఎస్‌సీకి మార్చి చూడండి. ఇంకో చిక్కుకు మందు లేదు. ఎల్ఈడీ టీవీ బొమ్మను లెక్కలు కట్టి పెంచేలోపు బటన్‌కీ దూకుడుకీ మధ్య ఆలస్యం వస్తుంది. గేమ్ మోడ్ పెడితే తగ్గుతుంది, పూర్తిగా పోదు. మధ్యలో హెచ్‌డీఎంఐ కన్వర్టర్ పెడితే ఇంకాస్త పెరుగుతుంది.

పెట్టె లేనివాళ్లకు, కంప్యూటర్లో మెసెన్ అనే ఎమ్యులేటర్ (పాత యంత్రాన్ని అనుకరించే ప్రోగ్రాం)లో రీజియన్ దగ్గర డెండీ అని ఉంటుంది. డెండీ అంటే ఇదే కుటుంబానికి చెందిన రష్యా పెట్టె పేరు. అది పెడితే 50 బొమ్మల వేగం, 312 గీతల లెక్క రెండూ వస్తాయి. పాల్ అని ఉన్నది పెట్టకండి, అది యూరప్ యంత్రం, జపాన్ ఆటలు కొన్ని చెదురుతాయి. ఆడియో అమరికల్లో స్క్వేర్ ఛానళ్ల డ్యూటీ సైకిల్ (పైన చెప్పిన తరంగం వెడల్పు) మార్చే గడి టిక్ చేస్తే గొంతూ మనదైపోతుంది. ఈ ఆటలకు కాపీరైట్ ఇంకా ఉంది. నింటెండో స్విచ్ అనే గేమ్ యంత్రంలో చందాకు ఇచ్చే మేరియో, 2019లో కొనామి తెచ్చిన కాంట్రా సంకలనం లాంటివి డబ్బు కట్టి ఆడుకోవచ్చు, కానీ ఎమ్యులేటర్ మార్పులేవీ వాటిలో కుదరవు.

చివరికి మిగిలేది పెట్టెతో వచ్చే బొమ్మ తుపాకీ. బాతుల ఆటను ఎల్ఈడీ టీవీ మీద ఆడిద్దామని పిల్లల్ని కూర్చోబెట్టినవాళ్లంతా తుపాకీ పాడైందనుకుని పారేస్తున్నారు. తుపాకీ బాగానే ఉంటుంది. ట్రిగ్గర్ నొక్కగానే ఆట ఒక బొమ్మ సేపు తెరంతా నల్లగా చేసి, ఆ తర్వాత బాతు ఉన్నచోట తెల్ల డబ్బా వేస్తుంది. తుపాకీ గొట్టంలోని సెన్సర్‌కు మొదట చీకటి, వెంటనే వెలుగు కనిపిస్తే తగిలినట్టు. రెండు బాతులుంటే రెండు డబ్బాలు, ఒకదాని తర్వాత ఒకటి, ఏ డబ్బాకు వెలుగు వస్తే ఆ బాతు. బల్బు వైపు గురిపెట్టి మోసం చేద్దామంటే చీకటి దగ్గరే దొరికిపోతారు. పైగా సెన్సర్ పాత సీఆర్‌టీ (పిక్చర్ ట్యూబు) టీవీ కిరణం సెకనుకు సుమారు 15,600 గీతలు గీసే అదురును మాత్రమే పట్టుకుంటుంది. ఎల్ఈడీ తెరకు ఆ అదురూ లేదు, డబ్బా కూడా ఆలస్యంగా వస్తుంది. కాబట్టి దీనికి సీఆర్‌టీ తప్ప గతి లేదు. ఒక బాతు ఆటలో ఇంకొకరు రిమోట్‌తో బాతును ఎగరేయొచ్చు. తమ్ముణ్ణి ఏడిపించడానికి ఇంతకు మించిన ఆయుధం లేదని చాలామందికి అప్పట్లో తెలియదు.

పాత సామాన్ల కొట్లోనో, టీవీ మెకానిక్ దగ్గరో సీఆర్‌టీ దొరికితే 14 లేదా 21 అంగుళాలది, ముందు ఏవీ గాడులున్నది చూసుకోండి. తెల్ల తెర వేసి మూలల్లో రంగు మచ్చలున్నాయా, బొమ్మ అంచులు లోపలికి ముడుచుకుంటున్నాయా చూడాలి. వెనక మూత మాత్రం మీరు విప్పొద్దు. పిక్చర్ ట్యూబులో స్విచ్ ఆపాక కూడా ఇరవై వేల వోల్టుల దాకా నిలిచి ఉండొచ్చు, అది తెలిసిన మెకానిక్ చేతికే వదిలెయ్యాలి. పెట్టెను, క్యాసెట్లను జిప్ కవర్లో సిలికా జెల్ పొట్లం వేసి, సముద్రం వైపు కిటికీకి దూరంగా పెట్టండి. రెండు నెలలకొకసారి తీసి అరగంట ఆడించాలి.